ముందు ఏరండి, తర్వాతే నీళ్లు

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారి ట్రంకుపెట్టె అడుగున పాత పంచె ముక్కలో కట్టిన మూట ఒకటి దొరికింది. విప్పితే అన్నీ నాణేలే. లెక్కపెడితే 412 ఉన్నాయి. సగం పైగా ఆకుపచ్చగా, నల్లగా, గరుకుగా తయారయ్యాయి. కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయి బిస్కెట్ల దొంతరలా ఉన్నాయి. రాణి బొమ్మవి, రాజు బొమ్మవి, మధ్యలో చిల్లు ఉన్నవి, చార్మినార్ ఉన్నవి కనిపిస్తున్నాయి. మా అత్తయ్య చింతపండు పెట్టి ఆరింటిని తోమేసింది. అవి గులాబీ రంగుకు తిరిగాయి. మా అబ్బాయేమో కూల్‌డ్రింకులో నానబెడదాం అంటున్నాడు. రెండు మూడు నాణేల మీద నుంచి లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు అత్తయ్యగారి చేతిలోని ఆ చింతపండు ముద్దను ఇత్తడి బిందె దగ్గరికి పంపించేయండి. అబ్బాయిని కూల్‌డ్రింకు తాగేయమనండి. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, కోలాలో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం. రెండూ మురికితో పాటు రాగి మీద ఏళ్ల తరబడి కట్టిన పొరనూ కరిగిస్తాయి. రాణిగారి జడ అల్లిక, సంవత్సరంలో చివరి అంకె వంటి సన్నటి వివరాలు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. పొర పోయిందంటే అవీ దాంతోపాటే పోతాయి.

అత్తయ్యగారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు లెండి. డిగ్రీ చదివే రోజుల్లో మా నాయనమ్మ ఇచ్చిన ఐదు రాగి కానీలను (కానీ అంటే అణాలో నాలుగో వంతు నాణెం) కాలేజీ ల్యాబుకి పట్టుకెళ్లి సజల నత్రికామ్లంలో వేశాను. కెమిస్ట్రీ విద్యార్థినని గర్వం. బుడగలొచ్చాయి, గోధుమరంగు పొగ లేచింది, ద్రావణం నీలంగా మారింది. పట్టకారుతో బయటికి తీస్తే విక్టోరియా మొహం సబ్బుబిళ్ల మీద బొమ్మలా అరిగిపోయి ఉంది. ఆ నీలం రంగంతా మా నాయనమ్మ నాణేల రాగే. వాటిలో ఒకటి ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. ఎవరైనా నాణేలు శుభ్రం చేయమని వస్తే ముందు దాన్ని చేతిలో పెడతాను.

ఇక మీ మూట సంగతి. మొదటి రెండు రోజులు నీళ్ల ఊసే వద్దు. పొడిగా ఏరండి, అంతే. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి ఒక చిన్న అయస్కాంతం, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు, ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. చెమటలో ఉప్పుంటుంది, రాగికి ఉప్పు శత్రువు. ఎందుకో కింద చెబుతాను.

మొదట లేత ఆకుపచ్చ పొడి రాలుతున్నవాటిని వేరే డబ్బాలోకి తీసేయండి. అవి మిగతావాటిని తాకకూడదు. తర్వాత అయస్కాంతం. అంటుకున్నవి చాలావరకు నికెల్ నాణేలు: 1946లో వచ్చిన పావలా, అర్ధరూపాయి, 1947లో వచ్చిన పులిబొమ్మ రూపాయి, 1950 తర్వాతి కొన్ని. వీటికి చిలుము పెద్దగా పట్టదు, పక్క నాణేల నుంచి అంటిన మరకలే ఉంటాయి. ఒకవేళ ‘వెండి రూపాయి’ అనుకున్నది అయస్కాంతానికి అంటుకుంటే అది పాతది కాదు, ఇనుముకు పూత పూసిన నకిలీ. నా దగ్గరికి అలాంటివి బోలెడు వచ్చాయి.

తేలిగ్గా, బూడిదరంగులో ఉన్నవి అల్యూమినియం పైసలు, 1964 నుంచి వచ్చినవి. వాటిని తడి తగలని చోట ఒక కవర్లో వేసి మర్చిపోండి. పువ్వులా అంచు వంకీలు తిరిగిన అణాలు, మూలలు గుండ్రంగా ఉన్న చదరపు బేడలు (రెండణాల నాణేలు) రాగి-నికెల్ మిశ్రమం. వీటిలో నికెల్ ఉన్నా అయస్కాంతానికి అంటుకోవు. అణా 1907 నుంచి, బేడ 1918 నుంచి ఈ లోహంలో వచ్చాయి. యుద్ధకాలంలో, అంటే 1942 నుంచి 45 దాకా, ఇవే పసుపుపచ్చటి నికెల్-ఇత్తడిలో కొట్టారు. కాబట్టి పక్కపక్కన పెడితే రంగును బట్టే వేరు చేయవచ్చు. మధ్యలో చిల్లున్నవి 1943–47 నాటి కంచు కానీలు.

అసలు ఆట త్రాసు దగ్గర మొదలవుతుంది. చిలుము కింద ఏముందో కనపడని, కానీ సైజున్న గుండ్రటి ఎర్ర నాణేన్ని త్రాసు మీద పెట్టండి. ఈస్టిండియా కంపెనీ వారు 1835లో మొదలుపెట్టిన రాగి కానీ బరువు 100 గ్రెయిన్లు, అంటే సుమారు ఆరున్నర గ్రాములు. విక్టోరియా కాలమంతా ఇదే బరువు. 1906లో రాగి మానేసి కంచుకు మారినప్పుడు వెడల్పు దాదాపు అంతే ఉంచి బరువును 4.86 గ్రాములకు తగ్గించారు. మీ నాణెం ఆరు గ్రాముల పైన తూగితే ఏ విక్టోరియానో, కంపెనీదో, ఏడో ఎడ్వర్డు రాజు తొలి సంవత్సరాలదో అయ్యుండాలి. ఐదుకు లోపు తూగితే 1906 తర్వాతిది. బొమ్మ కనపడకుండానే కాలం తెలిసిపోయింది, చుక్క నీరు పోయలేదు. అరుగుదల వల్ల కాస్త తగ్గుతుంది, చిలుము వల్ల కాస్త పెరుగుతుంది. అయినా ఆరున్నరకీ ఐదుకీ మధ్య తేడా దాక్కునేంత చిన్నది కాదు.

వెండి రూపాయలు 11.66 గ్రాములు. 1835 నుంచి 1939 దాకా పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. 1940 నుంచి వెండి సగానికి పడిపోయింది, మిగతాది రాగి, కొంచెం నికెల్, కొంచెం జింకు. ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయల మీద ఆకుపచ్చ ఛాయ ఎక్కువగా కనిపించేది అందుకే. నల్లబడ్డ పాత వెండి రూపాయిని దయచేసి ముట్టుకోకండి. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి కట్టిన పొర, నాణేన్ని అది తినేయదు. పాలిషు పెట్టి రుద్దితే మాత్రం బొమ్మ నిజంగానే అరుగుతుంది. 1862 అని సంవత్సరం వేసిన విక్టోరియా రూపాయలు మీ మూటలో కొన్ని ఉండవచ్చు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అదే సంవత్సరంతో కొట్టారు కాబట్టి అవి ఎక్కువగా దొరుకుతాయి. సంవత్సరం పైనా కిందా ఉండే చిన్న చుక్కలను బట్టి సేకర్తలు వాటిని రకాలుగా వేరు చేస్తారు. ఆ చుక్కలు ఆవగింజలో సగం కూడా ఉండవు. టూత్‌పేస్టుతో నాలుగు రుద్దులు రుద్దండి, ఏ చుక్కా మిగలదు. 1911 నాటి ఐదో జార్జి రూపాయి కనిపిస్తే భూతద్దం పెట్టి రాజుగారి అంగీ మీది ఏనుగును చూడండి. అది పందిలా ఉందని గొడవ అయ్యి, ఆ నాణేలను వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగును మార్చి గీయించారు. ఏనుగా పందా అని మీరూ మీ అబ్బాయీ ఒక సాయంత్రం వాదించుకోవచ్చు.

చార్మినార్ ఉన్నవి హాలీ సిక్కాలు, అంటే హైదరాబాద్ నిజాం సొంత నాణేలు. ద్వారం మధ్యలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1347 అని ఉంటే 1306.6, దానికి 622 కలిపితే 1928.6, అంటే 1928–29. ఇంట్లో కాలిక్యులేటర్ అబ్బాయి చేతికిస్తే కూల్‌డ్రింకు మాట మర్చిపోతాడు. వెండి సిక్కా రూపాయి బ్రిటిష్ రూపాయి కన్నా కొంచెం తేలిక, సుమారు 11.18 గ్రాములు. వెండి పాలు కూడా తక్కువ, 82 శాతం లోపే. త్రాసులో తగ్గిందని నకిలీ అనుకుని పక్కన పడేయకండి.

ఇంత ఏరాక కుప్పలో నిజంగా నీళ్లు అవసరమైనవి వంద కూడా మిగలవు. సంవత్సరం చదవగలుగుతున్నారా? అయితే దాని పని అయిపోయింది, కవర్లో పెట్టేయండి. నా లెక్కలో శుభ్రం చేయడం చదవడం కోసమే, మెరవడం కోసం కాదు.

కడగాల్సినవాటికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. బ్యాటరీలో పోసే నీళ్ల పేరుతో దొరుకుతుంది. అడిగేటప్పుడు నీళ్లేనని రెండుసార్లు చెప్పండి, బ్యాటరీ ఆమ్లం వేరే సరుకు. కుళాయి నీళ్లలో క్లోరిన్, లవణాలు ఉంటాయి కాబట్టి వద్దు. గాజు గిన్నెలో ఒక్కో లోహాన్ని విడివిడిగా నానబెట్టండి. రాగీ వెండీ ఒకే గిన్నెలో వేయకండి. నీళ్లు రోజూ మార్చండి. మూడో రోజుకో నాలుగో రోజుకో మట్టి మెత్తబడుతుంది. చెక్క టూత్‌పిక్ కొనను నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక, భూతద్దం కింద, అక్షరాల మధ్యలోంచి మట్టిని తోయండి. గోకకూడదు. ఇనుప బ్రష్షు, పీచు, ఉప్పు, ఇసుక, బూడిద అన్నీ నిషేధం. తుడవడం అంటే మెత్తటి నూలుగుడ్డ మీద అద్దడమే, రుద్దడం కాదు.

అంటుకుపోయిన దొంతరలను చాకుతో విడదీయాలని చూడకండి. ముందు నీళ్లలో వారం ఉంచండి. ఊడకపోతే పూర్తిగా ఆరబెట్టి, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌లో ముంచి మూతపెట్టి నెలా రెండు నెలలు మర్చిపోండి. కొబ్బరినూనె, ఆలివ్ నూనె వాడమని ఎవరైనా చెబుతారు. వాటిలోని కొవ్వు ఆమ్లాలు రాగితో నెమ్మదిగా కలుస్తాయి, నూనె పచ్చబడటం అందుకే. ఖనిజ నూనెకి ఆ బాధ లేదు. నా దగ్గర ఏడు నాణేల దొంతర ఒకటి పదకొండు వారాలకు ఊడింది. ఏ రోజు ఊడిందో తెలియదు, సీసా కదిపితే గలగలమంది. తీసినవాటికి జిడ్డు పోవాలంటే అసిటోన్‌లో ముంచి తీయండి. అసిటోన్ లోహాన్ని ముట్టుకోదు గానీ మంటను క్షణంలో అందుకుంటుంది. వంటింట్లో మాత్రం చేయకండి, కిటికీలు తీసి ఉంచండి. నెయిల్ పాలిష్ తీసే సీసా కాదు, దాంట్లో రంగులూ నూనెలూ కలుస్తాయి.

ఇప్పుడు మీరు వేరే డబ్బాలో పెట్టిన ఆ రెండు మూడు నాణేలు. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారుపెట్టింది అవే.

మన భాషలో ఇనుముకు పట్టేది తుప్పు, రాగికి పట్టేది చిలుము. చిలుములో కూడా మంచిదీ చెడ్డదీ ఉన్నాయి. గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చగానో గోధుమరంగుగానో అంటిపెట్టుకున్నది మంచిది. అది కింది రాగిని కాపాడుతుంది. లేత ఆకుపచ్చగా, మెత్తటి పొడిలా, గుంటల్లోంచి పొక్కులా లేచేది రోగం. దాన్ని ‘బ్రాంజ్ డిసీజ్’ అంటారు. ఎక్కడో ఉప్పు తగిలింది, చెమటో, సముద్రపు గాలో, మట్టిలోని లవణమో. క్లోరైడు లోపలికి వెళ్లి రాగితో కలిసి క్యుప్రస్ క్లోరైడుగా కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది నిద్రపోతుంది. గాలిలో తేమ, ఆక్సిజన్ అందగానే అది ఆకుపచ్చ పొడిగా మారుతుంది. మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న మంచి రాగిని తిని మళ్లీ క్యుప్రస్ క్లోరైడును తయారుచేస్తుంది. ఇలా చక్రం తిరుగుతూనే ఉంటుంది. వానాకాలంలో మొదలైతే ఎండాకాలానికి నాణెంలో సూది దూరేంత గుంట పడుతుంది.

అది రోగమో, మామూలు పొడో తేల్చుకోవాలంటే, పొడిని గుండుసూదితో తీసేసి, నాణేన్ని తడి దూది ఉన్న మూతడబ్బాలో, దూది తగలకుండా, రెండు రోజులు ఉంచండి. కొత్త పొక్కులు లేస్తే రోగమే.

వైద్యానికి ఓపిక కావాలి. లీటరు డిస్టిల్డ్ నీళ్లలో తేమలేని వాషింగ్ సోడా పొడి 23 గ్రాములు, వంటసోడా 19 గ్రాములు కలపండి. వాషింగ్ సోడా స్ఫటికాల రూపంలో ఉంటే అందులో నీరు ఎక్కువ కాబట్టి 63 గ్రాములు వేయాలి. ఇది ఐదు శాతం సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణం అవుతుంది. లెక్క చూసుకునే వేశాను, పాత అలవాటు. రోగం ఉన్న నాణేలను అందులో ఉంచి వారానికోసారి ద్రావణం మార్చండి. ఒక్కోసారి నెలలు పడుతుంది. తర్వాత డిస్టిల్డ్ నీళ్లలో కొన్ని రోజులు, ఆ తర్వాత అసిటోన్‌లో ముంచి ఆరబెట్టడం. మళ్లీ తడి దూది పరీక్ష. ఈ ద్రావణం మంచి పొర రంగును కూడా కొంచెం మార్చగలదు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాటికి ముందు జాగ్రత్తగా వాడొద్దు. మ్యూజియంల వాళ్లు 1967 నుంచి బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడుతున్నారు. అది రాగి మీద కవచంలా నిలుస్తుంది గానీ విషపూరితం. ఇంట్లో దాని జోలికి వెళ్లమని నేను చెప్పను.

అత్తయ్యగారు తోమిన ఆరింటిని డిస్టిల్డ్ నీళ్లలో చిటికెడు వంటసోడా వేసి ఒక పూట ఉంచండి, సందుల్లో మిగిలిన పులుపు చచ్చిపోతుంది. మళ్లీ కొత్త డిస్టిల్డ్ నీళ్లలో జాడించి ఆరబెట్టేయండి. ఆ గులాబీ రంగు ఒకటి రెండేళ్లకు దానంతటదే గోధుమరంగుకు దిగుతుంది. పొగబెట్టో, గంధకం పూసో పాతగా చేయాలని చూడకండి.

దాచడానికి మెత్తగా, వాసన వేసే ప్లాస్టిక్ పాకెట్లు వద్దు. అవి పీవీసీ. వేడికి జిగురు వదిలి నాణేల మీద పచ్చటి బంక చేస్తాయి. రబ్బరుబ్యాండు కూడా వద్దు, అందులో గంధకం ఉంటుంది, వెండి మీద నల్ల గీత పడుతుంది. గాజు సీసానో, గట్టి మూతడబ్బానో తీసుకుని నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేయండి. తేమ నలభై శాతం లోపు ఉంటే బ్రాంజ్ డిసీజ్ లేవదు. ఆ పంచె ముక్కను మాత్రం పారేయకండి. తాతగారి ముడి ఎలా ఉందో ఒక ఫోటో తీసుకుని ఉండాల్సింది.

అన్నట్టు, వీటికి ఎంత వస్తుందని మీరు అడగలేదు. ఈ శీర్షిక మొదలుపెట్టాక ఆ మాట లేని ఉత్తరం ఇదే.

ప్రశ్న: వానలకు మా పొలం గట్టు తెగినప్పుడు చిన్న కుండ బయటపడింది. అందులో బూడిదరంగు, బరువైన చిన్న నాణేలు ఉన్నాయి. నాన్నగారు చెక్కపెట్టెలో దాచారు. ఇప్పుడు వాటి మీద తెల్లటి పొడి లేస్తోంది. బ్రష్షుతో దులపవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ, దులపకండి. మీరు చెప్పిన రంగు, బరువు, తెల్ల పొడి మూడూ చూస్తే సీసం అనిపిస్తోంది. మన ప్రాంతంలో శాతవాహనులు సీసం నాణేలు విరివిగా వాడారు. కోటిలింగాల, పెద్దబంకూరుల్లో తవ్వకాల్లో శాతవాహన నాణేలు బయటపడ్డాయి. మీవి అవో కావో చూడకుండా నేను చెప్పకూడదు. ఆ పొడి మాత్రం విషం. గ్లోవ్స్ వేసుకోండి, ఊదకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలను దూరంగా ఉంచండి. రోగానికి కారణం ఆ చెక్కపెట్టే. కొయ్య నుంచి సన్నగా ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. మూసిన పెట్టెలో అది సీసాన్ని తెల్ల పొడిగా మార్చేస్తుంది. ఇవాళే గాజు సీసాలోకి మార్చండి. నీళ్లలో కూడా పెట్టొద్దు.

ఇంకో మాట. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. ఆ పది రూపాయలు 1878లో రాసినవే, మీ కుండ ఎలా చూసినా దాటుతుంది. దొరికిన చోటు, లోతు, కుండ పెంకులు అన్నీ అలాగే ఉంచి తెలియజేయండి. కుండ పెంకు కూడా కాలాన్ని చెబుతుంది. నాన్నగారిని భయపెట్టకుండా మీరే ఉత్తరం రాసి పెట్టండి.

ప్రశ్న: మా దగ్గర ఈస్టిండియా కంపెనీ నాణెం ఉంది. ఒకవైపు సీతారామ లక్ష్మణులు, మరోవైపు 1818 అని ఉంది. ఇది బియ్యాన్ని లాగుతుందని ఒకాయన అడ్వాన్సు ఇస్తానంటున్నాడు. ముందు మమ్మల్నే ‘పరీక్ష ఖర్చు’ కట్టమంటున్నాడు. శుభ్రం చేసి ఇవ్వాలా?
– ఒక పాఠకుడు

జవాబు: కంపెనీ వారు సీతారామ లక్ష్మణుల బొమ్మతో ఇలాంటి నాణెం కొట్టలేదు. 1616, 1717, 1818 సంవత్సరాలతో కనిపించే ఇవన్నీ తర్వాత ఎవరో పోయించిన బిళ్లలు. బియ్యాన్ని లాగే లోహం లేదు. లాగినట్టు కనిపిస్తే బియ్యంలోనో నాణెంలోనో ఇనుమూ అయస్కాంతమూ కలిపారని అర్థం. ‘పరీక్ష ఖర్చు’ ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆయన ఫోన్ నంబరు పోలీసులకు ఇవ్వండి. బిళ్లను సబ్బునీళ్లతో కడిగి దేవుడి గదిలో పెట్టుకోండి. దీనికి మాత్రం చింతపండు వాడినా నాకు అభ్యంతరం లేదు.